కాలువ చివరి ఊళ్ళు కంప్యూటరు లోకానికి నేర్పిన పాఠం

కర్నూలు ప్రాంతంలో కాలువ చివర ఉన్న కొన్ని ఊళ్ళ రైతులు నలభై యాభై ఏళ్ళ కిందట నీళ్ళ కోసం, పంట కాపలా కోసం తమకు తాముగా కొన్ని కట్టుబాట్లు చేసుకున్నారు. సర్కారు చెప్పి చేయించింది కాదు. చట్టంలో రాసి ఉన్నదీ కాదు. అయినా ఆ కట్టుబాట్ల గురించి నేడు దేశదేశాల విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్నారు. నీటిపారుదల తెలిసినవారే కాదు, కంప్యూటర్ల మీద, సెల్‌ఫోన్ల మీద వేలాది మంది కలిసి నడుపుకునే కూటములు ఎందుకు నిలుస్తాయి, ఎందుకు చెడిపోతాయి అని పరిశోధించేవారు కూడా ఇటువంటి ఊళ్ళ అనుభవాన్నే కొలబద్దగా పట్టుకున్నారు.

ఊరి కాలువకూ సెల్‌ఫోనుకూ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. పదిమంది సొత్తు ఏదైనా, దాన్ని వాడుకునేవారు ఎక్కువ, చూసుకునేవారు తక్కువ. ఈ చిక్కు రెండుచోట్లా ఒకటే.

నీరుగంటి, పొలం కావలి

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివరలోనూ 1980ల మొదటిలోనూ ఈ ప్రాంతానికి వచ్చి ఊళ్ళు తిరిగి చూశాడు. అప్పటికి నంద్యాల జిల్లా వేరుపడలేదు. అది 2022లో ఏర్పడింది. కాలువ కింద సాగు ఉన్న ఊళ్ళే ముప్ఫైకి పైగా ఆయన లెక్కలోకి వచ్చాయి. వాటిలో ఒక ఊరిని లోతుగా పరిశీలించి, అసలు పేరు బయటపెట్టకుండా ‘కొత్తపల్లె’ అని రాశాడు. ఊరి జనాభా మూడువేల పైచిలుకు. 1988లో ఇంగ్లీషులో పుస్తకం వెలువడింది. పేరు ‘విలేజ్ రిపబ్లిక్స్’.

కొత్తపల్లెలో సర్కారు పంచాయతీ ఒకటి ఉంది. దానితో పనిలేకుండా ఊరి పెద్దల సభ మరొకటి ఉంది. అసలు పనులు జరిగేది ఈ రెండో సభలోనే. సభ చేతిలో ఊరి ఉమ్మడి నిధి ఉండేది. కోతలయ్యాక కొయ్యకాళ్ళ మీద గొర్రెల మందలు మేపుకునే హక్కును, ఊరిలో సారా అమ్ముకునే హక్కును సభ అమ్మేది. వచ్చిన డబ్బు ఆ నిధిలో పడేది. తమ వాటా నీళ్ళ కోసం అధికారుల చుట్టూ తిరిగే ఖర్చులు, ఊరికి కావలసిన చిల్లర పనులు ఆ నిధితోనే నడిచేవి.

పైరు మీద పశువులు పడకుండా, దొంగలు కోసుకుపోకుండా పొలం కావలివాళ్ళు ఉండేవారు. పంటలో పడిన పశువుకు జరిమానా ఉండేది. నీటి ఎద్దడి కాలంలో ఉమ్మడి నీరుగంట్లు పనిచేసేవారు. నీరుగంటి వంతు పెట్టినచోట రైతు తన మడవ తాను తిప్పుకోవడానికి వీలులేదు. ఏ మడికి ఎప్పుడు పారించాలన్నది నీరుగంటి చూసుకుంటాడు. పై ఊళ్ళవారు నీళ్ళు మళ్ళించుకోకుండా కాలువ వెంట వెళ్ళి కాపలా కాసేదీ అతడే. అతనికి ఎకరాల లెక్కన రైతులే ముట్టజెప్పేవారు.

ఈ సభ అందరి సభ అని పొరబడనక్కరలేదు. భూములు ఎక్కువగా ఉన్నవారి మాటే అక్కడ చెల్లేది. అయితే వారి భూములు ఒకేచోట లేవు. ఊరి పొలంలో నాలుగు దిక్కులా చెదిరి ఉండేవి. ఒక పక్కకే నీళ్ళు మళ్ళించుకుంటే ఇంకో పక్క ఎండేది తమ పైరే. కనుక నీళ్ళు అంతటా సక్రమంగా పారడం వారికీ అవసరమైంది.

ఎగువ ఊళ్ళలో ఎందుకు లేదు?

కొన్ని ఊళ్ళలో సభ, నిధి, కావలి, నీరుగంటి నాలుగూ ఉన్నాయి. కొన్నింటిలో ఒకటో రెండో ఉన్నాయి. మరికొన్నింటిలో ఏమీ లేవు. ఒకే ప్రాంతం, ఒకే కులాలు, ఒకే రకం పంటలు. అయినా ఇంత తేడా ఎందుకు వచ్చింది?

మంచి నాయకుడు దొరకడం వల్లనో, జనం ఐకమత్యం గలవారు కావడం వల్లనో అని సులువుగా చెప్పవచ్చు. వేడ్ అలా చెప్పలేదు. ఊరు కాలువ మీద ఎక్కడ ఉన్నది అన్నదే ముఖ్యమని తేల్చాడు. కాలువ మొదట్లో ఉన్న ఊరికి నీళ్ళకు కొదవలేదు. కట్టుబాటు లేకపోయినా పంట పండుతుంది. కాలువ చివర ఉన్న ఊరికి నీళ్ళు వస్తాయో రావో తెలియదు. వచ్చిన కాస్త నీటి కోసం కొట్లాడుకుంటే ఊరంతా నష్టపోతుంది. నేల స్వభావాన్ని బట్టి మందలు వచ్చే చోట పైరుకు పశువుల బెడద కూడా ఎక్కువ. నష్టం పెద్దది, అది కళ్ళకు కనిపిస్తుంది, అందరికీ తగులుతుంది. అటువంటి చోటనే జనం కట్టుబాటుకు దిగారు.

ఎనిమిది సూత్రాలు

పదిమంది సొత్తు ఎవరికీ పట్టదు, చివరికి నాశనమవుతుంది అన్న మాట చదువుకున్నవారిలో చాలాకాలం చెల్లింది. గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లో రాసిన వ్యాసం దీనికి మూలం. ఉమ్మడి బీడులో ప్రతివాడూ తన మందలో ఇంకో పశువును చేరుస్తూ పోతాడని, బీడు మిగలదని ఆయన వాదం. సర్కారు చేతికి ఇవ్వడమో, పంచి ఎవరి ముక్క వారికి అప్పగించడమో తప్ప దారి లేదని అనేకులు నమ్మారు.

ఎలినార్ ఆస్ట్రం అనే అమెరికా మహిళ ఆ నమ్మకాన్ని నిలదీసింది. స్విట్జర్లాండు కొండల మేతభూములు, జపాను పల్లెల అడవులు, స్పెయిను, ఫిలిప్పీన్సు దేశాల సాగుకాలువలు వందల ఏళ్ళుగా జనం చేతుల్లోనే ఎలా నిలిచాయో పరిశీలించి 1990లో గ్రంథం రాసింది. వేడ్ పరిశోధననూ అందులో ప్రస్తావించింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమే. 2012లో కన్నుమూసింది.

నిలిచిన కట్టుబాట్లలో ఎనిమిది లక్షణాలు కనిపించాయని ఆమె చెప్పింది. ఎవరికి హక్కు ఉంది, ఎవరికి లేదు అన్నది స్పష్టంగా ఉండాలి. నియమం ఆ ఊరి నేలకు, నీటికి తగినదై ఉండాలి. నియమానికి లోబడేవారికి దాన్ని మార్చడంలో మాట ఉండాలి. కాపలా ఉండాలి, ఆ కాపలావాడు వాడుకునేవారికి జవాబుదారీ కావాలి. తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, మళ్ళీమళ్ళీ చేస్తే పెద్ద శిక్ష పడాలి. తగాదా తీర్చుకునే చోటు దగ్గరలో, ఖర్చులేకుండా దొరకాలి. కట్టుబాటు చేసుకునే హక్కును పైనున్న సర్కారు కాదనరాదు. పెద్ద వ్యవస్థ అయితే చిన్న చిన్న సంఘాలు ఒకదానిపై ఒకటిగా అమరి ఉండాలి.

కొత్తపల్లె రైతుకు ఇందులో కొత్త ఏమీ కనబడదు.

కంప్యూటరులో రచ్చబండ

కంప్యూటర్ల మీద జనం గుమిగూడి మాట్లాడుకోవడం మొదలైన తొలినాళ్ళలోనే ఈ పోలిక మేధావులకు తట్టింది. పీటర్ కొలక్, మార్క్ స్మిత్ అనే ఇద్దరు 1996లో కంప్యూటరు చర్చాకూటములను ఆస్ట్రం సూత్రాలతో పోల్చి రాశారు. 2007లో ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకులు వికీపీడియాను అదే విధంగా పరిశీలించారు.

వికీపీడియా అంటే అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వం. 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు, రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు. తెలుగులో 2003 డిసెంబరులో వెన్న నాగార్జున ప్రారంభించాడు. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి.

తలుపులు లేని ఇంటిలో దొంగలు పడరా అన్న సందేహం వస్తుంది. పడతారు. అందుకే అక్కడా కావలి ఉంది. ఎవరు ఏ అక్షరం మార్చినా ‘ఇటీవలి మార్పులు’ అనే చిట్టాలో పడుతుంది. పాత పాఠం ఎక్కడికీ పోదు, ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. పాడుచేసినవాడికి మొదట మంచిమాట, తర్వాత హెచ్చరిక, తర్వాత కొన్నాళ్ళ నిషేధం, అప్పటికీ వినకపోతే శాశ్వత బహిష్కారం. కాపలా చూసే నిర్వాహకులను తోటి రచయితలే ఎన్నుకుంటారు. తగాదాలు, నియమాలు చర్చించే చోటుకు తెలుగు వికీపీడియాలో పెట్టుకున్న పేరు రచ్చబండ. పేరు ఊరిదే, పని కూడా ఊరిదే.

చదివితే తరగదు, చూడకపోతే చెడుతుంది

అయితే కాలువ నీటికీ అక్షరానికీ ఒక తేడా ఉంది. ఒక మడికి పారిన నీరు ఇంకో మడికి రాదు. ఒకరు చదివిన వ్యాసం మరొకరికి తరిగిపోదు. కనుక ఇక్కడ ఎక్కువ వాడకం వల్ల చేటు లేదు. కరువు వచ్చేది కాపలాకు. చదివేవారిలో రాసేవారు ఎక్కడైనా పిడికెడే. నూటికి తొంభై మంది చూసి పోయేవారు, తొమ్మిది మంది ఎప్పుడో ఒక ముక్క రాసేవారు, ఒక్కడు మాత్రం నిత్యం పనిచేసేవాడు అని 2006లో జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు ఉజ్జాయింపుగా చెప్పాడు.

ఆ ఒక్కడు అలసిపోయినా, పక్కదారి పట్టినా ఏమవుతుందో చూపే ఉదాహరణలున్నాయి. స్కాట్లండులో ఇంగ్లీషుకు దగ్గరగా ఉండే స్కాట్స్ అనే భాష ఉంది. ఆ భాష వికీపీడియాలో వేలాది వ్యాసాలు ఆ భాషే సరిగా రాని ఒక అమెరికా కుర్రవాడు రాసినవని 2020 ఆగస్టులో బయటపడింది. అతడికి దురుద్దేశం లేదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. ఏళ్ళ తరబడి చూసి, ఇది మా భాష కాదని చెప్పినవారు తగినంతమంది లేకపోవడమే అసలు లోపం. నీరుగంటి లేని కాలువకు గండి పడింది.

క్రొయేషియా భాషలో కథ వేరు. అక్కడ కావలివాళ్ళే పొలం ఆక్రమించారు. ఒక భావజాలానికి చెందిన కొద్దిమంది నిర్వాహకులు చేరి, తమకు నచ్చని చరిత్రను చెరిపి, కాదన్నవారిని వెళ్ళగొట్టారు. ఇది ఏళ్ళపాటు సాగింది. వికీపీడియాలను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో వెలువరించిన నివేదికలో ఈ సంగతి వివరంగా ఉంది. కాపలా ఉంటే చాలదు, అది జవాబుదారీగా ఉండాలన్న ఆస్ట్రం మాట ఇక్కడ రుజువైంది.

కాపలా మితిమీరినా కష్టమే

ఇంగ్లీషు వికీపీడియాలో నెలకు అయిదుసార్లయినా రాసేవారు 2007లో 50 వేలు దాటారు. తర్వాత ఆరేడేళ్ళలో వారి సంఖ్య 30 వేల దరికి దిగింది. జనానికి ఆసక్తి తగ్గిందా? 2013లో ఆరన్ హాఫ్‌కర్, అతని తోటి పరిశోధకులు లెక్కలు తీసి చూస్తే కారణం ఇంకొకటి తేలింది. పాడుచేసేవారిని ఆపడానికి పెట్టిన యంత్రాలు, పెరిగిపోయిన నియమాలు మంచి మనసుతో వచ్చిన కొత్తవారిని కూడా తరిమేశాయి. మొదటి రోజే రాసింది చెరిపేస్తే రెండో రోజు ఎవడు వస్తాడు? పశువును తరమడానికి పెట్టిన కావలివాడు కూలికి వచ్చినవారినీ తరిమినట్లయింది.

మరో కొత్త సమస్య కూడా వచ్చి పడింది. అడిగిన ప్రశ్నకు మనిషిలా జవాబిచ్చే చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ప్రోగ్రాములు రాసేవారు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే చోట ఆ తర్వాత ఆరు నెలలలో రాతలు నాలుగో వంతు మేర తగ్గాయని 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది. ఇటువంటి యంత్రాలు నేర్చుకున్నది జనం ఇలా కలిసి రాసుకున్న రాతల నుంచే. చెరువులో నీళ్ళు తోడుకునేవారు పెరిగి, పూడిక తీసేవారు తగ్గితే చెరువు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే పరిశోధకుల ఆందోళన.

భూమి ఎవరి పేర ఉంది?

కంప్యూటరు కూటములలో చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఇల్లు కట్టుకునేది జనం, స్థలం కంపెనీది. యాహూ కంపెనీ 1999లో జియోసిటీస్ అనే దానిని కొన్నది. లక్షలాది మంది అందులో సొంత పుటలు కట్టుకున్నారు. 2009 అక్టోబరులో అమెరికాలో దానిని మూసేశారు. కొందరు స్వచ్ఛందంగా పూనుకొని కాపీ చేసి దాచినంతవరకే మిగిలింది. భారతదేశంలో ఎందరో కుర్రకారు స్నేహాలు కలుపుకున్న ఆర్కుట్‌ను గూగుల్ కంపెనీ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. అందులో గుమిగూడినవారు చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

వికీపీడియాలో ఈ చిక్కు తక్కువ. రాసిన మొత్తాన్ని ఎవరైనా ఎత్తుకుపోయి వేరే చోట పెట్టుకోవచ్చునన్న ఒప్పందం మీదనే అది నడుస్తోంది. 2002లో అందులో వాణిజ్య ప్రకటనలు వేస్తారేమోనన్న అనుమానం రాగా, స్పానిష్ భాషలో రాసేవారు చాలామంది రాసినదంతా పట్టుకొని వేరింటి కాపురం పెట్టారు. వికీపీడియా నేటికీ ప్రకటనలు లేకుండా చందాలతో నడుస్తోంది. లేచిపోయే హక్కు ఉన్నచోట పెద్దలు జాగ్రత్తగా ఉంటారనడానికి ఇది నిదర్శనం.

తెలుగు ఎక్కడుంది?

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. తెలుగు వికీపీడియాలో క్రమం తప్పక రాసేవారు మాత్రం పదుల సంఖ్యలోనే ఉన్నారు. ఇంగ్లీషు కాలువ మొదట్లో ఉన్న ఊరైతే తెలుగు కాలువ చివరి ఊరు.

ఈ విషయం పల్లెలకు నేరుగా తగిలేదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గ్రామాలకు తెలుగు వికీపీడియాలో వేల సంఖ్యలో పుటలున్నాయి. చాలా పుటలలో 2011 జనగణన లెక్కలు, బడి ఉందా, బస్సు వస్తుందా, ఎన్ని హెక్టార్లు సాగు అన్న వివరాలే కనిపిస్తాయి. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, జాతర ఏ నెలలో, ఏ వాగుకు వరద వచ్చి ఊరు మారింది వంటి సంగతులు తక్కువ. ఊరి పేరు సెల్‌ఫోనులో వెతికే పిల్లవాడికి, ఊరు విడిచి దూరాన స్థిరపడినవారికి, రేపు యంత్రాన్ని అడిగేవారికి ముందుగా దొరికేది ఆ పుటే. అందులో తప్పుంటే ఆ తప్పే ఊరవుతుంది.

మరి కాలువ చివరి ఊళ్ళలా జనం కట్టుబాటుకు ఎందుకు దిగడంలేదు? వేడ్ చెప్పిన కారణంలోనే జవాబు ఉంది. ఎండిన మడి కంటికి కనిపిస్తుంది. తప్పు లెక్క, రాయని చరిత్ర కంటికి కనిపించవు. ఆకలి పుట్టించవు. నష్టం ఉన్నా తెలియదు కనుక కదలిక లేదు.

ఇంకో చిక్కు ఆధారాలది. వికీపీడియాలో ఏది రాసినా అచ్చయిన ఆధారం చూపాలి. ముసలివారి నోట మాత్రమే ఉన్న సంగతికి అచ్చు ఎక్కడ దొరుకుతుంది? 2011లో మలయాళం, హిందీ భాషలతోపాటు దక్షిణాఫ్రికాలోని ఒక భాషలో పల్లెజనం మాటలను రికార్డు చేసి వాటినే ఆధారాలుగా చూపే ప్రయత్నం జరిగింది. అది సాధారణ నియమంగా మాత్రం స్థిరపడలేదు. నియమం నేలకు తగినదై ఉండాలన్న రెండో సూత్రం ఇక్కడ ఇంకా తీరని బాకీ. అంతవరకు ఊరి బడి పత్రిక, ఆలయ శాసనం మీద అచ్చయిన పుస్తకం, పాత గెజిటీరు, దినపత్రికల జిల్లా పుటలలో వచ్చిన వార్తలు ఆధారంగా పనికి వస్తాయి. చెరువు, గుడి, బడి ఫోటోలు తీసి చేర్చడానికి అచ్చు ఆధారం అక్కరలేదు.

ఊరి వాట్సాప్ గుంపు సంగతి

వికీపీడియా ముఖం చూడనివారికి కూడా వాట్సాప్ తెలుసు. ఊరి పేరుతో, బడిలో కలిసి చదివినవారి పేరుతో, రైతు సంఘం పేరుతో గుంపులున్నాయి. మిరప ధర, కరెంటు వేళ, చావు కబురు అన్నీ అందులోనే. అదే దారిలో వదంతులూ వస్తాయి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు తెలుగు జిల్లాలను వణికించాయి. దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ కంపెనీ ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా భారతదేశంలో కట్టడి చేసింది. ఎగువన తూము కొంత దించారన్న మాట. దిగువన మడవ దగ్గర కాపలా మాత్రం ఊరివారిదే.

కొత్తపల్లె కట్టుబాటు ఈ గుంపులకు అచ్చంగా సరిపోతుంది. గుంపులో ఎవరుండాలి, అది దేనికోసం అన్నది మొదటే తేల్చుకోవాలి. నియమాలు నాలుగైదు చాలు, అవి గుంపులోని వారితో మాట్లాడి పెట్టుకోవాలి. ఒక్కడి నెత్తిన భారం వేయకుండా ముగ్గురు నలుగురు వంతులవారీగా చూడాలి. ఆ నలుగురిలో ఆడవారు, కూలిపని చేసేవారు, అన్ని పేటలవారు ఉంటే మాటకు విలువ వస్తుంది. పాత కాలపు పెద్దల సభ చేయని పని అదే. తెలియక తప్పుడు కబురు పంపినవాడిని మొదటిసారి విడిగా పిలిచి చెప్పాలి. నలుగురిలో పరువు తీస్తే మంచి కబురు కూడా మళ్ళీ పంపడు. పదేపదే చేసేవాడిని కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. తగాదా ముదిరితే సెల్‌ఫోనులో కాక రచ్చబండ దగ్గర ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. పనికివచ్చే సమాచారం, ఫోటోలు ఫోనుతోపాటు పోకుండా ఇంకోచోట కూడా దాచుకోవాలి.

ఇందులో పెద్ద ఖర్చు లేదు. కావలసింది చూసే కన్ను, చూసినందుకు జవాబు చెప్పే మనిషి. తన మడవ తిప్పుకునే హక్కు నీరుగంటి చేతిలో పెట్టడానికి ఆనాటి రైతులు ఒప్పుకున్నది అతని మీద ప్రేమతో కాదు, పైరు మీద ప్రేమతో. ఊరి కబురు, ఊరి చరిత్ర కూడా పైరులాంటివేనని తోచిన ఊరిలో కాపలాకు మనుషులు వాళ్ళంతట వాళ్ళే ముందుకు వస్తారు.